ఉపవాసమిచ్చిన ధీమా

సువార్త చదవడానికి ఇంకా కొంత వ్యవధి ఉందనగా నాషిద్ బిషారా మాస్టారికి, ఈ ఉదయం తాను ఈ తెల్లంగీ తొడుక్కోకుండా ఉండవలసిందన్న సంగతి ఒక ఆలోచనగా కాక ఒక బరువుగా భుజాలమీద తెలిసివచ్చింది. అంగీ బరువైనదేమీ కాదు. భార్య ఇన్సాఫ్ నిన్న మధ్యాహ్నమే ఉతికి, గంజిపెట్టి, మడత నలగకుండా ఇస్త్రీ చేసిన నూలు అంగీ. గుండెమీద ఎర్రదారపు శిలువ, ఎడమ భుజంమీదుగా దిగిన ఎర్ర పట్టీ. అయితే దానికొక నియమం ఉంది. దాన్ని తొడుక్కుని బలిపీఠం దగ్గర నిలబడిన పరిచారకుడు ఆ పూట ప్రభుభోజనం అందుకుని తీరాలి. అందుకోవాలంటే అర్ధరాత్రి మొదలు చుక్క నీరైనా గొంతు దిగకూడదు. తెల్లవారుజామున మాస్టారి గొంతు దిగినది నీరు కాదు. ఆరాధన చివర పరిచారకులే ముందుగా చెప్పులు విడిచి, పరిశుద్ధస్థలంలో బలిపీఠం చుట్టూ తిరిగి ఒక్కొక్కరుగా గురువు ముందు నిలుస్తారు. వారందరిలో పెద్దవాడు గనుక ఆయనదే మొదటి స్థానం. అందుకుంటే దైవద్రోహం. పక్కకు తప్పుకుంటే మిన్యా పట్టణంలో తనను ఎరిగిన ప్రతి కుటుంబమూ కళ్ళారా చూస్తుంది. ధూపకలశం గొలుసులు గలగలమన్నాయి. సాంబ్రాణి పొగ ఎండ చారల్లో పడి నెమ్మదిగా మెలికలు తిరిగింది. ఇంకా గంట ఉంది, అనుకున్నాడాయన. గంటలో మనిషి ఎన్ని సంగతులనైనా చక్కబెట్టుకోవచ్చునని ఆయన పాఠశాలల పర్యవేక్షకుడుగా ఉన్న రోజుల్లో కుర్ర ఉపాధ్యాయులకు చెప్పేవాడు.

నిజానికి తాగాలని లేవలేదు. పుక్కిలించాలని లేచాడు. ఈ రోజు పక్షవాత రోగి కథ చదివే ఆదివారం. సువార్త ఆయనే చదవాలి. రాత్రంతా గొంతులో ఇసుక పోసినట్టుంది. గొంతు మందుల సీసాల మధ్య ఉన్న ఆ సీసాను అందుకున్నప్పుడు చేతికి ఒక వాదన కూడా అందింది: నోరు కడుక్కోవడం ఉపవాసభంగం కాదు, గురువులు సైతం కడుక్కుంటారు, నోటిలో ఉన్నంతసేపూ అది బయటిదే, లోపలిది కాదు. ఎంత చక్కని వాదన! చట్టసభలో నిలబడి చెప్పవచ్చు. పుక్కిట పట్టాడు. సోంపు సారా చిగుళ్ళను కాల్చి, ముక్కులోకి ఎక్కి, కళ్ళలో నీళ్ళు తెప్పించింది. తొట్టిమీదికి వంగాడు. వంగినవాడు ఉమ్మవలసి ఉంది. ఆ మధ్య క్షణాన్ని ఆయన ఇప్పుడు ఎంత తడిమినా పట్టుకోలేకపోతున్నాడు; నిర్ణయించుకున్నట్టు గుర్తులేదు, కాదనుకున్నట్టూ గుర్తులేదు; గొంతు తనంతట తాను తెరుచుకుని మూసుకుంది, నిద్రలో పసిబిడ్డ పెదవులు కదిలినట్టు. ఆ తరవాత రెండో గుక్కకు వాదనే అక్కరలేకపోయింది.

తాళాలు మోగాయి. పక్కన నిలబడిన అదీబ్, బంగారపు కొట్టువాడు, కీర్తన మధ్యలోనే మెడ వంచి గుసగుసలాడాడు. "మాస్టారూ, మీ పక్కన నిలబడితే చాలు, నా గొంతుకూడా బాగుపడిపోతోంది. ఏం సోంపండీ బాబూ, అమ్మగారు గంగాళంతో కాస్తారా?"

"ముందు నీ రాగం చూసుకో. రెండు చోట్ల జారిపోయావు," అన్నాడు మాస్టారు.

"జారితే మీరున్నారుగా పట్టుకోడానికి."

అదీబ్ నవ్వు దాచుకోవడానికి పుస్తకం ఎత్తి పట్టుకున్నాడు. ఈ ఊళ్ళో పాడేవాళ్ళంతా సోంపు కాచిన నీళ్ళు తాగుతారు. గొంతుకు అంతకంటే మేలైనది లేదని పసిపిల్లలకు కూడా తెలుసు. సోంపు సారాకీ అదే వాసన. కాబట్టి మాస్టారి నోటి దగ్గర వీచే వాసనను దశాబ్దాలుగా ఈ చర్చి ఆయన భక్తికి గుర్తుగానే పీల్చుకుంటూ వచ్చింది. తన అదృష్టానికి తానే మురిసిన రోజులున్నాయి. ఇన్సాఫ్ రోజూ పొద్దున్నే గిన్నెనిండా సోంపు కాచి, గదులన్నిటా ఆవిరి నిండేదాకా మూత తీసే ఉంచేది. మూత పెట్టవేమని ఒకసారి విసుక్కున్నాడు. "ఇల్లంతా ఒకటే వాసన ఉంటే మంచిదిలెండి," అంది ఆమె, తిరిగి చూడకుండా, గరిటెతో కలుపుతూ. ఆ మాటను ఆయన ఆ రోజు వినలేదు. చెవులు విన్నాయి, ఆయన వినలేదు. ఇవాళ, ధూపం మధ్య నిలబడి, పదిహేనేళ్ళ తరవాత వింటున్నాడు.

అపొస్తలుల లేఖ చదువుతున్న కుర్రవాడి ఉచ్చారణ ఎప్పటిలాగే అధ్వాన్నంగా ఉంది. సరిదిద్దాలని పెదవులు కదిలాయి గాని మనసు వేరే దారి పట్టింది. ఎక్కడ మొదలైంది? చక్కెర కర్మాగారపు ఇంజనీరు ఇంటి వరండాలో, నది మీది గాలి, వేయించిన చేపలు, ఇంగ్లీషులో హాస్యాలాడుకునే నలుగురు పెద్దమనుషులు. గ్లాసులో నీళ్ళు పోయగానే తెల్లని మబ్బు కమ్మినట్టు మారిన సారా. ఎంత నాగరికంగా ఉండేది! నలుగురు ముగ్గురయ్యారు, ముగ్గురు ఒక్కడయ్యాడు, వరండా పోయి స్నానాలగది వచ్చింది, గ్లాసు కూడా పోయింది. అయినా తాను వ్యసనపరుడనని ఆయన ఏనాడూ అనుకోలేదు. అనుకోకపోవడానికి ఆయన దగ్గర తిరుగులేని సాక్ష్యం ఉండేది. అది పెద్ద ఉపవాసం. ఏటా ఈస్టరుకు ముందు యాభై అయిదు రోజులూ మాంసం లేదు, పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు. ఆదివారాలు మినహా పొద్దువాలేదాకా పచ్చి మంచినీళ్ళు లేవు. ఆ యాభై అయిదు రోజులూ ఆయన సారా ముట్టేవాడు కాదు. ఒక్క చుక్క కూడా. బానిస అయితే అన్నాళ్ళు ఎలా ఉంటాడు? పళ్ళ వెనక నాలుక కాలిపోతున్నా, చేతులు వణికితే ఉపవాసపు నీరసమని అందరూ జాలిపడుతున్నా, చెమటతో చొక్కా తడిసినా, పంటి బిగువున నెగ్గుకొచ్చేవాడు. ఉడికించిన చిక్కుడు గింజలమీద నిమ్మకాయ పిండుకుంటూ, చూశావా, నేను యజమానిని, ఇది నా నౌకరు, పొమ్మంటే పోతుంది, రమ్మంటే వస్తుంది అనుకునేవాడు. తనవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. ఉపవాసం నేర్చిన జాతికే అంతటి ధీమా వస్తుంది. ఈస్టరు రాత్రి ఆరాధన ముగిసి ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళేవాడే, క్రీస్తు లేచాడని తలుపు దగ్గర ఎదురైన పొరుగువాడికి చెప్పిన మాట నోట్లో ఇంకా వెచ్చగా ఉండగానే సీసా బిరడా తీసేవాడే, ఆ పరుగు దేనికోసమో ఆయన ఎన్నడైనా తన్ను తాను అడిగాడా? యాభై అయిదు రోజులూ ఎవరికోసం ఎదురుచూశాడు?

ఈ ఏడు సాక్ష్యం తప్పింది. రెండో వారంలోనే. ఒక మంగళవారం, మధ్యాహ్నపు ఎండలో, ఖాళీ కడుపుతో. పరీక్షించి చూద్దామనుకున్నాడు, అంతే. ఇందులో మాంసం లేదు, పాలు లేవు, వెన్న లేదు. ఎండుద్రాక్ష, సోంపు, ఇది ఉపవాసపు ఆహారమే కదా అని తనకు తానే ఒక ఛలోక్తి చెప్పుకుని, ఒంటరిగా నవ్వి, తాగాడు. మరునాడు మానేశాడు. ఆ మరునాడు మానలేదు. తరవాత ప్రతి ఉదయం ఒక ప్రతిజ్ఞ, ప్రతి సాయంత్రం ఒక మినహాయింపు. ఇంతకాలం తనను మోసిన ఆ యాభై అయిదు రోజుల గోడ మధ్యలో పడిపోతే, దాని వెనక ఏమీ లేదు. గోడ వెనక ఒక బలవంతుడు కూర్చుని ఉంటాడనుకున్నాడు. ఎవరూ లేరు.

"సువార్త," అన్నాడు అదీబ్ మోచేత్తో పొడిచి.

మాస్టారు వేదిక ఎక్కాడు. ఇరువైపులా కొవ్వొత్తులు పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. గొంతు తేటగా వచ్చింది, సిగ్గుచేటైనంత తేటగా. కోనేటి ఒడ్డున ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పడివున్న రోగి కథ. నీళ్ళు కదిలినప్పుడు ముందు దిగినవాడు బాగుపడతాడు. ఇతడు ఎన్నడూ ముందు దిగలేదు. బాగుపడాలని ఉందా అని ప్రభువు అడిగాడు. ఈ చోట మాస్టారికి ఏటా ఒక చిన్న చిరాకు కలిగేది. అడిగినది సూటి ప్రశ్న. అవునని గాని కాదని గాని చెప్పాలి. ఈ రోగి అవుననడు, కాదనడు; అయ్యా, నన్ను దించే మనిషి లేడు, నేను వెళ్ళేలోగా ఇంకొకడు దిగుతున్నాడు అని ఏదో చెప్పుకొస్తాడు. పరీక్షలో అయితే సగం మార్కులు కోసేయవలసిన జవాబు. ప్రశ్నకు సంబంధించినది కాదు. తరగతిలో ఈ మాట చెప్పి పిల్లలను నవ్వించేవాడు కూడా. ఇవాళ ఆ వాక్యం నోట వస్తూండగా ఆయన ఎడమచేయి వేదిక అంచును గట్టిగా పట్టుకుంది. అవునని ఎలా చెబుతాడు? అవునని చెప్పడానికి కూడా లోపల ఎంతో కొంత బలం మిగిలి ఉండాలి. అన్నేళ్ళలో ఎన్ని అవునులు చెప్పి ఉంటాడో! చివరకు అతని దగ్గర మిగిలిన ఒకే ఒక నిజం, నావల్ల కాలేదన్నది. దానికే ప్రభువు మార్కులు వేశాడు. పూర్తి మార్కులు. మాస్టారు తప్పు దిద్దుకుంటున్న విద్యార్థిలా వాక్యం ముగించి, పుస్తకాన్ని ముద్దుపెట్టుకుని, మెట్లు దిగాడు. మెట్లు సరిగా కనబడలేదు.

చర్చి గురువు, అందరూ అబూనా అని పిలిచే సరాబామూన్ ప్రసంగిస్తున్నాడు. ఒకప్పుడు ఇంగ్లీషు పాఠం అప్పజెప్పలేక బల్లమీద నిలబడిన పిల్లవాడే ఈయన. గడ్డం నెరిసినా మాస్టారి కంటికి ఇంకా ఆ బల్లమీదే ఉంటాడు. కిందటేడు సంకోచిస్తూ ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, చర్చి వెనక హాల్లో ఒక కూటం పెడుతున్నాను, మాత్రలకీ సారాకీ అలవాటుపడ్డవాళ్ళ కోసం. ఇంగ్లీషులో కొన్ని వాక్యాలున్నాయి. నేను అనువదిస్తే మీరు ఎలాగూ కొట్టేస్తారు. మీరే చేసిపెట్టకూడదూ?" మాస్టారు చేసిపెట్టాడు. మొదటి వాక్యం దగ్గరే మూడు రోజులు కూర్చున్నాడు: ఈ వ్యసనం ముందు మాకు శక్తి లేదని ఒప్పుకుంటున్నాము. శక్తి లేకపోవడానికి భాషలో ఎన్ని మాటలున్నాయో, ఒక్కొక్క దాని బరువెంతో బేరీజు వేసి, అన్నిటికంటే సొగసైనది ఎంచి, ఆ రాత్రి తన ప్రతిభకు తానే సంతోషించి, ఒక గ్లాసు తాగి పడుకున్నాడు. అబూనా చదివి, "ఈ మాట మీకు ఎంత బాగా కుదిరిందండీ!" అన్నాడు. ఆ పిల్లవాడికి తెలుసా? తెలిసే తెచ్చాడా? బల్లమీద నిలబెట్టిన చేతికి మెత్తగా పుస్తకం అందించి వెళ్ళాడా? మాస్టారికి కోపం రావలసింది. రాలేదు. కోపం ఉండే చోట ఇప్పుడు అలసట ఉంది. అది మంచంలా వెడల్పుగా, దాదాపు హాయిగా ఉంది.

స్త్రీల వరసల్లో ఇన్సాఫ్ తెల్ల ముసుగు. ఎక్కడున్నా ఆమె ముసుగు ఆయన కంటికి తెలుస్తుంది. ఎడమవైపు కాస్త ఎక్కువ జార్చుకుంటుంది. మొన్న శీతకాలం ఊపిరందక మంచంమీద కూర్చుండిపోయింది. మందు తెస్తానని పగటిపూటే, వెలుగుండగానే, కోటు తొడుక్కుని బయలుదేరాడు. మందుల కొట్టు వీధి మలుపు దాటితే ఉంది. మలుపు దాటలేదు. తిరిగి వచ్చేసరికి కోటులో ఉన్నది ఆమె మందు కాదు. గుమ్మంలో నిలబడి, కొట్టు మూసేశాడు, ఈ కాలంలో ఎవరికీ బాధ్యత లేదు అని చాలాసేపు దేశాన్ని తిట్టాడు. ఆమె రెండు చేతులూ మోకాళ్ళమీద ఆనించి, ఊపిరి ఊపిరికీ మధ్య చోటు చేసుకుని, "పోన్లెండి. తగ్గిపోయింది," అంది. తగ్గలేదు. గోడ అవతల రాత్రంతా విన్నాడు.

ఒకరికొకరు సమాధాన వందనం చెప్పుకోండి అని ప్రకటించవలసినది ఆయనే, ప్రకటించాడు. చర్చి అంతటా అరచేతులు అరచేతులను తాకి పెదవుల దగ్గరికి వెళ్ళిన చప్పుడు, పిట్టలగుంపు లేచినట్టు. అదీబ్ చేయి వెచ్చగా, ఉంగరాలతో గరుకుగా ఉంది. ఇప్పుడే వెళ్ళిపోవచ్చు. కళ్ళు తిరుగుతున్నాయంటే చాలు. పెద్దవాడు, ఉపవాసాలు మానడు, పాపం అని నలుగురూ చుట్టుముడతారు, ఎవరో కుర్చీ వేస్తారు, అంగీ విప్పి ఇంటికి చేరుస్తారు. దైవద్రోహం జరగదు, పరువూ పోదు. నిర్దుష్టమైన ఉపాయం. ఆ ఉపాయాన్ని ఆయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దానిమీద తన చేతిరాతే ఉంది. పుక్కిలించడం ఉపవాసభంగం కాదన్నదీ ఈ చేతిరాతే, ఎండుద్రాక్ష ఉపవాసపు ఆహారమన్నదీ ఇదే, కొట్టు మూసేశాడన్నదీ ఇదే. ఇన్నాళ్ళూ తనను తానే రక్షించుకుంటూ వచ్చాడు, ఎంతో నేర్పుతో, ఒక్క తప్పు దొర్లకుండా. రక్షించేవాడూ మునిగేవాడూ ఒకడే అయితే ఒడ్డుకెవరు చేరతారు? ప్రభువా, కరుణించు అని సభ పాడుతోంది. ఈ మాటకు ఉన్న రాగాలన్నీ ఆయనకు తెలుసు. పెద్దదీ, చిన్నదీ, సంతాపానిదీ, పండుగదీ. యాభై ఏళ్ళుగా అందరిచేతా పాడించాడు. రాగం లేకుండా ఆ మాట ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. చిన్నది. ఊపిరి ఊపిరికీ మధ్య పట్టేంత చిన్నది. ప్రభువా, నావల్ల కాదు. నాకు తెలిసినదంతా చేశాను, అంతా నేనే చేశాను, అందుకే కాలేదు. నువ్వు చూసుకో. ఇలా అనుకోగానే బలమేదో వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. మోకాళ్ళు ఎప్పటిలాగే నొప్పిగా ఉన్నాయి, నాలుక ఎప్పటిలాగే సీసాను అడుగుతోంది. పారిపోవాలన్న తొందర మాత్రం సద్దుమణిగింది.

తెర పక్కకు జరిగింది. రాతినేల చల్లదనం మేజోళ్ళలోంచి పాదాలకు తెలుస్తోంది. వెనక వరస కదిలింది. అబూనా సరాబామూన్ ప్రభుశరీరాన్ని పట్టుకుని, వంచిన తల ఎత్తకుండా, మొదటివాడి నోటికోసం చేయి చాచాడు. నోరు తెరుచుకోలేదు.

"మాస్టారూ?"

"నేను తీసుకోకూడదు అబూనా. పొద్దున్న తాగాను."

"మంచినీళ్ళా?" అన్నాడు అబూనా మెల్లగా. దయగల ప్రశ్న, వెళ్ళేవాడికి తలుపు తీసి పట్టుకున్నట్టుంది.

"నీళ్ళు కాదు. సారా. నిన్న కూడా తాగాను. ఉపవాసమంతా తాగుతూనే ఉన్నాను. మానాలని చూశాను. నావల్ల కావడం లేదు."

అనువాదంలో మూడు రోజులు వెతికిన ఆ సొగసైన మాట ఎక్కడా తగల్లేదు. వెనక అదీబ్ ఊపిరి ఆగిన సంగతి వీపుకు తెలిసింది. అబూనా కళ్ళెత్తి చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు, విజయమూ లేదు.

"అంగీ తీసెయ్యమంటావా?"

"తీసెయ్యమన్నానా? పక్కన నిలబడమంటున్నాను. అందరిదీ అయ్యేదాకా ఇక్కడే ఉండండి. ఆ తరవాత మెట్ల దగ్గర కూర్చోండి, నేను వచ్చేదాకా ఎక్కడికీ వెళ్ళకండి. వినబడిందా మాస్టారూ?"

"వినబడింది," అన్నాడు మాస్టారు, బల్లమీద నిలబడినవాడిలా.

ఆయన గోడవారగా నిలబడ్డాడు. అదీబ్ ప్రభుభోజనం అందుకుని, తెల్లగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, దాటిపోతూ, మాట్లాడే వీలులేక ఆయన మోచేతిని ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలాడు. స్త్రీల వరస వచ్చింది. ఇన్సాఫ్ తన వంతు రాగానే తలెత్తి, గోడ దగ్గర ఖాళీ చేతులతో నిలబడిన భర్తను చూసింది. చూసి, అందుకోవలసినది అందుకుని, కళ్ళు దించుకుని వెళ్ళిపోయింది. జనం చూశారు. చూసినవాళ్ళు పక్కవాళ్ళకు చూపించారు. ఆయన ఊహించినంత బాధ అందులో లేదు. ఊహించిన దానికంటే చాలా ఎక్కువసేపు మాత్రం పట్టింది.

ఆవరణలో ఎండ తెల్లగా పరుచుకుంది. పిల్లలు ప్రసాదపు రొట్టెలు కొరుక్కుంటూ పరుగెత్తుతున్నారు. నాషిద్ బిషారా మాస్టారు, పర్యవేక్షకుడి హోదాలో ఉన్నప్పుడు గాని ఆ తరవాత గాని ఎన్నడూ కూర్చోని చోట, చర్చి మెట్లమీద, అంగీ నలిగిపోతుందన్న ధ్యాస లేకుండా కూర్చున్నాడు. ఇన్సాఫ్ వచ్చి ఎదురుగా నిలబడింది. ఎండ ఆమె వెనకనుంచి పడుతోంది.

"ఒంట్లో బాగులేదా?"

"పొద్దున్న తాగాను."

"తెలుసు. వంటింట్లోకి వినబడింది. పుక్కిలించిన చప్పుడయింది, ఉమ్మిన చప్పుడు కాలేదు."

ఆయన మెట్టు అంచును చూశాడు. ఎవరో దాటిపోతూ ఆరాధన శుభాకాంక్షలు చెప్పారు, ఇద్దరూ తలలూపారు.

"మానలేకపోతున్నాను ఇన్సాఫ్. మానాలనే ఉంది. నా చేతిలో లేదు."

ఆమె ముసుగు కొసను వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

"తాగుతారని తెలుసు," అంది చివరికి. "ఇది మాత్రం నాకు తెలీదండీ. ఏటా ఉపవాసం వచ్చేది, మీరు టక్కున మానేసేవారు. పండగ రాగానే మళ్ళీ మొదలు. దేవుడికోసమైతే మానతాడు, నాకోసం మానడు అనుకున్నాను. నేనంటే అంతేలే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకుని ఉన్నాను."

ఆయన కళ్ళు నిండి, నలుగురిలో, పట్టపగలు, నీళ్ళు అంగీమీద పడ్డాయి. తుడుచుకోలేదు. లోపల అబూనా పాత్రలు కడుగుతున్న చప్పుడు వినబడుతోంది. ఆయన రావడానికి ఇంకా ఆలస్యముంది.

ఇన్సాఫ్ ఒకసారి ఆవరణ చుట్టూ చూసి, ముసుగు సర్దుకుంది.

"కాస్త జరగండి," అంది. "నేనూ కూచుంటాను."